అరుగు ఖాళీ చేయించిన చదువు

కొత్తవలసలో రైలెక్కితే ఒక పక్క విశాఖపట్నం, ఇంకో పక్క విజయనగరం. తెలుగు పిల్లవాడికి చదువు ఎలా చెప్పాలన్న తగువులో ఈ రెండు ఊళ్ల పేర్లూ చరిత్రకెక్కాయి. విజయనగరంలోని మహారాజా వారి కాలేజీ గురించి, విశాఖపట్నంలోని ఎ.వి.ఎన్. కాలేజీ గురించి చెప్పడానికి ఎందరో ఉన్నారు. ఈ చుట్టుపక్కల ఉన్న ఆలమండ, జామి, లక్కవరపుకోట, శృంగవరపుకోట పల్లెల్లో అంతకుముందు చదువు ఎలా సాగింది, అది ఏమైపోయింది అన్నది ఎవరూ తలుచుకోరు. పోయినవాళ్లకు తద్దినమైనా పెడతాం. వీధిబడికి ఆ మాత్రం కూడా జరగలేదు. దాని చావు కథ చెప్పాలంటే ముందు అది బతికిన తీరు చెప్పాలి.

బడి అంటే ప్రత్యేకంగా ఒక ఇల్లు కాదు. ఊళ్లో కాస్త కలిగినవారి వీధి అరుగు, లేదా గుడి మండపం. ఒక పంతులుగారు, పదిమంది పిల్లలు. తెల్లారకుండానే బడి మొదలు. ముందుగా వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడి చేతిలో ఒక సున్న. మూడోవాడికి బెత్తంతో మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చేవాళ్లకు వరసగా ఒక్కొక్కటి పెరుగుతూ. నేల మీద ఇసుక పరిచి, పిల్లవాడి వేలు పట్టుకుని ఓనమాలు దిద్దించేవారు. దిద్దుతూ పైకి పలకాలి, పలుకుతూ దిద్దాలి. కన్ను, చెవి, నోరు, వేలు అన్నీ ఒకేసారి పనిచేసేవి. గుణింతాలయ్యాక ఎక్కాలు. ఆ తర్వాత తాటాకు, గంటం. పెద్ద పిల్లలు చిన్నపిల్లలకు చెప్పేవారు, పంతులుగారు పెద్దపిల్లలకు చెప్పేవారు. అమరం, శతకాలు, భాగవతంలో గజేంద్రమోక్షం, రుక్మిణీకల్యాణం కంఠతా రావాలి. ఉత్తరం రాయడం, వడ్డీ కట్టడం, పొలం లెక్క, చీటీ, రసీదు కూడా అక్కడే వచ్చేవి. తప్పు చేస్తే గోడకుర్చీ, గుంజీళ్లు, మరీ మొండివాడికి కోదండం. ఆ శిక్షల్లో కొన్ని క్రూరమైనవి, వాటిని తలుచుకుని మురిసిపోవడానికేమీ లేదు.

పంతులుగారికి సర్కారు జీతం లేదు. పిల్లల తల్లిదండ్రులు నెలనెలా ఇచ్చుకునే కొద్దిపాటి డబ్బు, బియ్యం, కాయగూరలు, పండక్కి ఓ పంచె. దసరా రోజుల్లో పిల్లలు వెదురు విల్లంబులు పట్టుకుని, పాటలు పాడుతూ ఇంటింటికీ తిరిగి అయ్యవారికి నాలుగు డబ్బులు, తమకు పప్పు బెల్లాలు పోగుచేసేవారు. కోతల రోజుల్లో బడి పల్చబడేది, కుప్పలయ్యాక మళ్లీ నిండేది. ఊరి కాలమే బడి కాలం. ఊరు పచ్చగా ఉంటే పంతులు తినేవాడు, ఊరు ఎండితే ఊరితో పాటే ఎండేవాడు.

1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో ప్రెసిడెన్సీలోని కలెక్టర్లందరినీ తమ జిల్లాల్లో ఉన్న బడులను, చదివే పిల్లలను లెక్క తీసి పంపమన్నాడు. వాళ్లు పంపిన అంకెలు ఈ రోజుకీ చదవగానే గుండె పట్టేస్తుంది. ప్రెసిడెన్సీ మొత్తం మీద 12,498 బడులు. ఒక లక్షా 88 వేల పైచిలుకు పిల్లలు. గంజాం జిల్లాలో 255 బడులు, రాజమండ్రి జిల్లాలో 291. మన విశాఖపట్నం జిల్లాలో, అంటే నేటి విజయనగరం ప్రాంతంలో చాలాభాగం, జయపురం మన్యం కలిసిన ఆనాటి పెద్ద జిల్లాలో, 914. తొమ్మిది వేల పైచిలుకు పిల్లలు. బడికి సగటున పదిమంది. ఇళ్లలోనే చదువు నేర్చేవాళ్లు వీళ్లు కాక వేరే. వాళ్లనూ కలుపుకుంటే బడి ఈడు మగపిల్లల్లో మూడో వంతు ఏదో ఒక చదువు చదువుతున్నారని మన్రో అంచనా వేశాడు. ఇంగ్లండు చదువుతో పోలిస్తే ఇది తక్కువే గానీ, అంతకు కొద్దికాలం కిందటి దాకా యూరపు దేశాల్లో చాలావాటికంటే ఇక్కడే మెరుగని ఆయనే ఒప్పుకున్నాడు.

ఆ లెక్కల్లో లేనివాళ్ల గురించి కూడా చెప్పాలి. మాల మాదిగల పిల్లలకు ఆ అరుగెక్కే హక్కు లేదు. ఆడపిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంతమంది. జయపురం ప్రాంతం నుంచి వచ్చిన లెక్కలో మాత్రం వాళ్ల సంఖ్య చెప్పుకోదగినట్టు కనిపిస్తుంది. మన తెలుగు జిల్లాల్లో బ్రాహ్మణ పిల్లల పాలు ఎక్కువ. కోమట్ల పిల్లలు, శూద్రులుగా రాసుకున్న కులాల పిల్లలు కూడా వేలల్లోనే ఉన్నారు. వీధిబడి అందరిదీ కాదు. అందరిదీ అయ్యే అవకాశం దానికి రాకముందే అది పోయిందన్నదే నా బాధ. తలుపు వెడల్పు చేయాల్సిన చోట ఇల్లే కూల్చేశారు.

కూలడానికి కారణం కూడా ఆ కలెక్టర్లలోనే ఒకడు ఆనాడే రాసిపెట్టాడు. బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక తెలుగువాళ్లందరూ చదవాల్సిన కాగితం. తన జిల్లాలో 533 బడులున్నాయని, వాటిలో ఒక్కదానికీ సర్కారు సాయం లేదని, ఒకప్పుడు బడి ఉన్న ఊళ్లలో చాలాచోట్ల ఇప్పుడు లేదని ఆయన రాశాడు. ఇంగ్లండు మిల్లు బట్ట వచ్చి నేతగాళ్ల మగ్గాలు ఆగిపోయాయి. దేశంలో పుట్టిన సొమ్ము దేశంలో ఖర్చుకావడం మానేసింది. పూర్వపు ప్రభువులు చదువుకని ఇచ్చిన మాన్యాలు, దానాలు వేరే దారి పట్టాయి. పిల్లవాడి చేతులు కూలికి పనికొచ్చే ఈడు రాగానే తల్లిదండ్రులు బడి మాన్పిస్తున్నారు. ఇంత సూటిగా ఒక కంపెనీ ఉద్యోగి తన కంపెనీ గురించి రాయడం అరుదు.

బళ్లారికి జరిగినదే ఇక్కడ ఇంకో రూపంలో జరిగింది. మనకు అటు పక్కనే ఉన్న పద్మనాభం దగ్గర 1794 జూలై 10న విజయనగరం రాజు చిన విజయరామరాజు కంపెనీ సేనల చేతిలో నేలకొరిగాడు. 1802 శాశ్వత పరిష్కారంలో విజయనగరం జమీ మీద ఏటా ఐదు లక్షల రూపాయల పేష్కస్ పడింది. పంట పండినా పండకున్నా ఆ సొమ్ము కట్టి తీరాలి. ఊరి మీద బతికే పంతులుగారి దాకా ఆ బరువు దిగకుండా ఎలా ఉంటుంది?

క్యాంబెల్ నివేదికలో ఇంకో మాట ఉంది. ఈ గాథకంతటికీ ముడి అక్కడే పడింది. వీధిబడుల్లో నేర్పే పద్యాలు పిల్లలు మాట్లాడే భాషలో లేవనీ, కావ్యాల భాషలో ఉన్నాయనీ, పిల్లవాడు వందల కొద్దీ పద్యాలు అప్పజెప్పగలడు గానీ వాటి అర్థం తెలియదనీ, చాలాచోట్ల పంతులుకీ తెలియదనీ ఆయన చెప్పాడు. ఆ పద్ధతిలో మెచ్చుకోదగినది కూడా ఉందన్నాడు: ఖర్చు తక్కువ, పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పడం వల్ల అందరికీ చదువు అందుతుంది. దానికి ఋజువు అప్పటికే ఇంగ్లండులో ఉంది. మద్రాసు ఎగ్మూరులో అనాథ సైనిక బాలుర శరణాలయం నడిపిన ఆండ్రూ బెల్, ఇక్కడి వీధిబడి పిల్లలు ఇసుకలో దిద్దడం చూసి ఆ పద్ధతిని తన పిల్లలకు పెట్టాడు. స్వదేశానికి వెళ్లి 1797లో దాని మీద పుస్తకం వేశాడు. మద్రాసు పద్ధతి అన్న పేరుతోనే ఇంగ్లండులో వేలమంది పేదపిల్లలు దాని ప్రకారం చదువుకున్నారు. అక్కడ దానికి బల్లలు, గదులు, చందాలు దొరికాయి. పుట్టిన అరుగు మీద మాత్రం దానికి పిడికెడు గింజలు కరువయ్యాయి.

మన్రో కొంత చేయాలనుకున్నాడు. 1826లో ప్రతి కలెక్టరేటులో రెండు పెద్ద బడులు, ప్రతి తాసీల్దారీకి ఒక బడి పెట్టాలని, ఉపాధ్యాయులకు సర్కారే జీతం ఇవ్వాలని రాశాడు. మరుసటి ఏడాది జూలైలో పత్తికొండలో కలరాతో పోయాడు. ఆయన అనుకున్న మూడువందల తాసీల్దారీ బడుల్లో కొన్ని మాత్రమే మొదలయ్యాయి. 1835లో మెకాలే, బెంటింక్‌లు ప్రభుత్వ సొమ్మును ఇంగ్లీషు చదువు వైపు తిప్పాక మిగిలినవాటినీ మూసేశారు. 1844లో హార్డింజ్ ప్రభుత్వం కొలువుల్లో ఇంగ్లీషు చదివినవాళ్లకే మొగ్గు అని ప్రకటించింది. ఆ మాట విన్న తండ్రి ఇక పిల్లవాణ్ణి అరుగు మీద కూర్చోబెట్టి అమరం ఎందుకు చెప్పిస్తాడు? ఆ తండ్రిని తప్పుపట్టలేం.

విజయనగరంలో 1857లో మహారాజా విజయరామ గజపతిరాజు ఇంగ్లీషు బడి పెట్టించారు. అదే పెరిగి పెద్దదై కాలేజీ అయింది. 1860లో సంస్కృత పాఠశాల పెట్టింది కూడా ఆయనే. రెండూ మన ప్రాంతానికి వెలుగు తెచ్చాయి, కాదనను. చంద్రశేఖర శాస్త్రి లాంటి గురువు ఆ కాలేజీకి పెద్దగా ఉండకపోతే మనకు గురజాడ ఉండేవాడా? కానీ ఒకటి కోట పక్కన, ఒకటి పండితుల కోసం. ఆలమండలో కాపుపిల్లవాడి అరుగు గురించి కోటలోనూ ఎవరూ అడగలేదు, కోట బయటా అడగలేదు.

వుడ్ రాసి పంపిన 1854 విద్యా తాఖీదుతో డైరెక్టరు వచ్చాడు, ఇన్‌స్పెక్టర్లు వచ్చారు, గ్రాంట్లు వచ్చాయి. దాదాపు అదే కాలంలో గోదావరి జిల్లా రైతులు సబ్ కలెక్టరు టేలర్ ప్రోత్సాహంతో తమ ఊళ్లలో బడుల కోసం పన్ను కట్టడానికి ముందుకొచ్చారు. చదువు మీద పల్లెకు మోజు లేదన్న మాటకు ఇంతకంటే సమాధానం అక్కర్లేదు. తర్వాత వచ్చిన ఫలితాల గ్రాంటు పద్ధతి వీధిబడి మెడకు ఉచ్చు బిగించింది. 1860ల చివరి నుంచి దాదాపు నలభై ఏళ్లు ఈ ప్రెసిడెన్సీని ఏలింది ఆ పద్ధతే.

అదెలా ఉండేదో కాస్త దగ్గరగా చూడాలి. పంతులు తన బడిని సర్కారు పుస్తకంలో రాయించుకుంటే ఏడాదికోసారి ఇన్‌స్పెక్టరు వస్తాడు. హాజరుపట్టీ చూస్తాడు. పిల్లల్ని ఒక్కొక్కరినీ నిలబెట్టి చదివిస్తాడు, రాయిస్తాడు, లెక్క చేయిస్తాడు. ప్యాసైన పిల్లవాడికి ఇంతని, సబ్జెక్టుకి ఇంతని లెక్కగట్టి పంతులుకి డబ్బు వస్తుంది. తప్పినవాడికి రాదు. ఆ పూట పిల్లవాడికి జ్వరమొస్తే రాదు. కోతలకు పొలం వెళ్లి హాజరు తగ్గితే ఆ పిల్లవాడు లెక్కలోకే రాడు. అప్పుడు పంతులు ఏం చేస్తాడు? వాచకం మొత్తం బట్టీ పట్టిస్తాడు. మందకొడి పిల్లవాణ్ణి మెల్లగా వదిలించుకుంటాడు. ఇన్‌స్పెక్టరు అడగని వడ్డీ లెక్క, చీటీ రాత, పొలం కొలత మానేస్తాడు. నిన్నటిదాకా ఊరికి జవాబు చెప్పుకున్న మనిషి ఇప్పుడు గుర్రం మీద వచ్చే దొరకో, దొర కింది ఉద్యోగికో జవాబు చెప్పుకోవాలి. సర్కారు పుస్తకంలో చేరని బడి ఎటూ చిక్కిపోయింది. చేరిన బడి వీధిబడిగా మిగల్లేదు.

పోయింది అరుగు, పోయింది ఊరి లెక్క, పోయింది పిల్లలు పిల్లలకు చెప్పుకునే చదువు. పోనిది ఒక్కటే. క్యాంబెల్ వేలుపెట్టి చూపిన ఆ ఒక్క రోగమూ పోలేదు. పిల్లవాడి చేతిలోని పుస్తకం వాడి భాషలో లేదు. తాటాకు బదులు అచ్చుకాగితం వచ్చింది, అరుగు బదులు బెంచీ వచ్చింది, ఆ పుస్తకంలో మాత్రం పాత గ్రాంథికం అలాగే కూర్చుంది. వీధిబడిలో అర్థం కాని పద్యానికి రాగమైనా ఉండేది. కొత్త బడిలో అర్థం కాని వచనమే మిగిలింది.

దీన్ని బాగుచేయాలని చూసినవాళ్లు మన దగ్గరే పుట్టారు. గిడుగు రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీకాకుళానికి దగ్గర్లోని పర్వతాలపేటలో పుట్టాడు. తండ్రి చిన్నప్పుడే పోతే విజయనగరం వచ్చి మహారాజా వారి బడిలో చదివాడు. గురజాడ ఆయన తోటి విద్యార్థి. 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో ఉపాధ్యాయుడిగా చేరాడు. ఇరవయ్యో శతాబ్దం మొదటి పదేళ్లలో ఉత్తర జిల్లాలకు ఇన్‌స్పెక్టరుగా జె.ఎ. యేట్స్ వచ్చాడు. తెలుగు పాఠం చెబుతున్న తీరు చూసి, మీరు మాట్లాడే భాషకూ పుస్తకంలోని భాషకూ ఇంత దూరమేమిటని అడిగాడు. అందరూ మాట్లాడే భాష గ్రామ్యమని కొట్టిపారేస్తుంటే, ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఆయన్ను గిడుగు దగ్గరికీ, గురజాడ దగ్గరికీ పంపాడు. ఒక ఇంగ్లీషు ఇన్‌స్పెక్టరు, ఒక తమిళ ప్రిన్సిపాలు, ఒక నాటక కర్త, ఒక చరిత్ర పంతులు. ఈ నలుగురూ కలిసి తెలుగు బోధన మార్చడానికి నడుం కట్టారు. 1909లో అయ్యంగారు దేశభాషల తరఫున ఇంగ్లీషులో ఒక పుస్తిక వేశాడు. గిడుగు పాత కావ్యాలు, శాసనాలు తిరగేసి, మీరు తప్పులంటున్న మాటలు పెద్ద కవులే వాడారని ఉదాహరణలు కుప్పపోశాడు. 1912-13 ప్రాంతంలో స్కూలు ఫైనలు వ్యాసాన్ని వాడుక భాషలో కూడా రాయవచ్చని ప్రభుత్వం ఒప్పుకుంది.

క్యాంబెల్ ఆ రోగాన్ని చూపి అప్పటికి తొంభై ఏళ్లు. మొదటిసారిగా తెలుగు పిల్లవాడు తనకు తెలిసిన మాటల్లో పరీక్ష రాసుకోవచ్చు.

అది నిలవలేదు. ఈసారి కూల్చింది తెల్లదొరలు కారు, ఈ మాట రాయడానికి చెయ్యాడదు. 1911లో మద్రాసులో పుట్టిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు, దాని వెనక జయంతి రామయ్య పంతులు, మరెందరో గొప్ప పండితులు గ్రాంథికం వైపు నిలిచారు. సభలు పెట్టారు, మహజర్లు పంపారు. వాళ్లు దుర్మార్గులు కారు, భాష చెడిపోతుందని నిజంగానే భయపడ్డారు. విశ్వవిద్యాలయం వేసిన సంఘంలో ఎక్కువమంది వాళ్ల పక్షమే అయ్యారు. గురజాడ ఒంట్లో బాగోలేని రోజుల్లోనే ఆ నిర్ణయంతో ఏకీభవించనంటూ 1914లో ఇంగ్లీషులో పుస్తకమంత అసమ్మతి పత్రం రాసిచ్చాడు. తెలుగు చదువు గురించి అంత నిండైన వాదన ఆ కాలంలో ఇంకొకటి లేదని నా నమ్మకం. ఇచ్చిన వెసులుబాటును ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. అన్నిచోట్లా తన మాటే నెగ్గించుకునే సర్కారుకి, పిల్లవాడి భాష దగ్గరికొచ్చేసరికి పండితుల మాట కాదనే ఓపిక లేకపోయింది. 1915 నవంబరు 30న గురజాడ కన్నుమూశాడు. యాభైమూడేళ్లు.

గిడుగు మిగిలాడు. ఆయనకు ఇంకో బడి కూడా ఉంది. పర్లాకిమిడి చుట్టూ కొండల్లో ఉండే సవరల భాషను, ఆ భాష తెలిసిన మనిషిని జీతమిచ్చి ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నాడు. సవర పిల్లలకు వాచకాలు రాశాడు, సొంత ఖర్చుతో బడులు పెట్టాడు, సవర కుర్రాళ్లకే చదువు చెప్పి వాళ్ల చేతనే పాఠాలు చెప్పించాడు. ప్రభుత్వం బహుమానం ఇవ్వబోతే ఆ డబ్బు తనకొద్దు, సవరలకు బడులు పెట్టండని అడిగాడు. పిల్లలు పిల్లలకు చెప్పుకున్న ఆ పాత అరుగు చదువు, పిల్లవాడి సొంత భాషలో, కులం అడ్డు లేకుండా, చివరిసారి కనిపించింది ఆ కొండల్లోనే అనిపిస్తుంది నాకు. కొండజ్వరానికి మింగిన క్వినైను ఆయన చెవులు తినేసింది. మాట్లాడే తెలుగు కోసం అంత పోరాడిన మనిషికి తర్వాత ఎవరి మాటా సరిగా వినబడలేదు.

1924లో సాహిత్య పరిషత్తు వ్యావహారికం మీద తన వ్యతిరేకతను సడలించింది. గురజాడ పోయి అప్పటికి తొమ్మిదేళ్లు. మరుగునపడ్డ వీధిబడి మాట 1931లో మళ్లీ లేచింది. ఆ ఏడాది అక్టోబరులో గాంధీ లండన్‌లో, యాభై నూరేళ్ల కిందటికంటే ఇప్పుడే ఈ దేశంలో చదువురాని వాళ్లు ఎక్కువని అన్నప్పుడు, విద్యావేత్త ఫిలిప్ హార్టాగ్ ఋజువులు చూపమని వెంటపడ్డాడు. ఋజువులు మన్రో కాగితాల కట్టల్లో ఉన్నాయి. వాటిని పరిశోధకుడు ధరంపాల్ బయటికి తీసి పుస్తకంగా వేసేసరికి 1983 వచ్చింది. మన జిల్లాలో 914 బడులుండేవన్న సంగతి అప్పటికి ఆ ఊళ్లలో జ్ఞాపకం ఉన్నవాళ్లు లేరు.

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులోకి వెళ్లింది. యాభై ఏళ్లకు పైగా బతికిన ఊరిని వదిలి గిడుగు రాజమండ్రి వెళ్లిపోయాడు. సవర బడులు ఆయన చేతికి దూరమయ్యాయి. 1940 జనవరి 15న మద్రాసులో ప్రజామిత్ర కార్యాలయంలో పత్రికల సంపాదకులను కూర్చోబెట్టుకుని, జనం భాషలో రాయండని చివరి విన్నపం చేశాడు. ముప్పై ఏళ్లు విద్యాశాఖకూ, విశ్వవిద్యాలయానికీ అర్జీలు రాసిన మనిషి, ఆ రోజు వాళ్లనెవరినీ ఏమీ అడగలేదు. వారం తిరిగేసరికి, జనవరి 22న, పోయాడు.